తీగలు పారిన బోర్డు

అడగని సలహా ఇచ్చేవాణ్ణి తిట్టుకోవడం లోకరీతి. నేను మాత్రం అడిగి మరీ తెచ్చుకున్న సలహాల్ని కూడా వెనకేసుకొస్తాను. ఒంటరిగా చెడిపోవడం కంటే పదిమంది సహకారంతో చెడిపోవడంలో ఒక నిండుదనం ఉంది! కాదంటారా? అయితే మా బావ సంగతి వినండి.

మా బావ నీళ్ళ బిల్లుల ఆఫీసులో గుమాస్తా. ఆయనకు అక్షరాలంటే పిచ్చి. చదవడం కాదు, గీయడం. సందులో చిన్న గది తీసుకుని కుట్టు షాపు పెడుతున్నానని అక్క చెప్పగానే, "బోర్డు సంగతి నాకొదిలెయ్. ఎవరి దగ్గరా లేని ఫాంటు తయారుచేస్తా" అన్నాడు. మెయిన్ రోడ్డు నుంచి చూస్తే షాపు కనిపించదు, బోర్డే కనిపిస్తుంది. అంటే అక్క ఆశలన్నీ ఆ బోర్డుకే వేలాడుతున్నాయన్నమాట.

భోజనాల బల్ల మీద 'కుట్టు గది' అన్న రెండు మాటలు మొలిచాయి. ప్రతి అక్షరానికీ ఒక తీగ, తీగకో మెలిక.

అక్క కంచాలు పెట్టడానికొచ్చి చూసింది. "బాగుంది గానీ, ఏమని రాశారు?"

బావ జాలిగా నవ్వాడు. "నువ్వీ ఫీల్డు కాదులే."

ఫీల్డు వాళ్ళు ఫోన్లో ఉన్నారు. అక్షరాలు గీసే సరదా ఉన్నవాళ్ళ గ్రూపు అది. బావ బొమ్మ పెట్టి, కింద 'నిర్మొహమాటంగా చెప్పండి' అని రాశాడు. ఈ మాట రాసే మనిషి మనసులో ఏముంటుందో మీకు తెలియదా? దయచేసి మొహమాటపడండి అని ఉంటుంది! వాళ్ళు మాత్రం అన్నమాటే పట్టుకున్నారు.

"కొమ్ము మొదట్లో పుచ్చినట్టుంది. ఒక ఆకుతో కప్పెయ్యండి" అన్నాడు పళ్ళ డాక్టరు. కప్పాడు.

"ఎడమవైపు ఆకుంది, కుడివైపు లేదు. ఇదేం లెక్కండీ?" అన్నారు రిటైరైన లెక్కల మాస్టారు. కుడివైపూ మొలిచింది.

మిఠాయి కొట్టాయనకి ఖాళీ చూస్తే ఆకలేసిందట. మొగ్గలొచ్చాయి. నెలకో మాట మాట్లాడే లైబ్రేరియన్ గారు కూడా నోరు విప్పి, "ఆకులకు ఈనెలేవీ?" అన్నారు. ఈనెలూ వచ్చాయి.

అందరూ బొమ్మని పెద్దది చేసుకుని, ఒక్క చుక్క తెరంతా నిండేదాకా లాగి మరీ చూశారు. ఎంత శ్రద్ధ! ఎంత ప్రేమ!

బావ వెలిగిపోయాడు. ఎందుకు వెలగడు? ఆఫీసులో ఆయన్ని ఎవరైనా అడిగేది 'సంతకం ఎక్కడ పెట్టాలి' అన్న ఒక్క ప్రశ్నే. అలాంటి మనిషి గీసిన ఒక వంపు కోసం ఇంతమంది కొట్టుకుంటున్నారు! ఫోను మోగితే ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయేది. నెమ్మదిగా ఆయనకు బోర్డుతో పనిలేకుండా పోయింది. గ్రూపుకి చూపించడానికి ఇంకో మార్పు దొరికితే చాలు.

ఎట్టకేలకు బోర్డు ఎక్కింది. గ్రూపంతా చప్పట్లు. షాపు తెరిచిన పొద్దున్నే ఒక పెద్దాయన వచ్చాడు.

"గులాబీ అంట్లున్నాయామ్మా?"

"ఇది కుట్టు షాపండీ."

ఆయన రోడ్డు మీదికెళ్ళి, బోర్డు మళ్ళీ చూసి, తిరిగొచ్చాడు. "మరి ఆ చివర కుండీ ఏంటమ్మా?"

"కుండీ కాదండీ. అది 'ది'."

తర్వాతావిడ కలబంద అడిగింది. ఆ వెనకాయన ఎరువు అడిగాడు. చిరిగిన ప్యాంటుతో ఒక్కరు వస్తే ఒట్టు!

సాయంత్రం బావ షాపుకొచ్చాడు. మిషను మీద గుడ్డ కూడా పరవలేదు. అక్క కోప్పడలేదు. "మీ ఫీల్డు వాళ్ళంతా చూశారుగా. ఒక్కరైనా చదివారా?" అంది.

బావ ఫోను తీసి, గ్రూపులో మాటలన్నీ మొదట్నుంచీ చూసుకున్నాడు. ఆకు, ఈనె, మొగ్గ, వంపు. ఆ షాపు దేనికని అడిగినవాడు కూడా లేడు. ఫోను బోర్లించాడు. తర్వాత అక్క బల్ల మీది సుద్దముక్కతో ఒక నల్లగుడ్డ మీద ఏదో రాసి, గది ఆ చివరికెళ్ళి పట్టుకుని నిలబడ్డాడు.

అక్క సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తింది. "కుట్టు గది."

"వంపు ఎలా ఉంది?"

"ఏ వంపు?"

గ్రూపంతా కలిసి చప్పట్లు కొట్టినప్పుడు కూడా బావ మొహం అంతలా విప్పారలేదు.

ఇప్పుడు సందు మొదట్లో ఆ నల్లగుడ్డ వేలాడుతోంది. ప్యాంట్లు వస్తున్నాయి. పాత బోర్డునీ అక్క తీయనివ్వలేదు. "అడిగేవాళ్ళుండగా అమ్మకపోవడం దేనికి?" అని దాని కింద గులాబీ కుండీలు పెట్టింది. సలహాలు పూలు పూయవని ఇంకా అంటారా?

ఇంతకీ ఈ వ్యాసం అచ్చుకిచ్చే ముందు నేనూ నలుగురికి చూపించాను. ఒకరు పేరాలు పొట్టివన్నారు, ఇంకొకరు ఆశ్చర్యార్థకాలు చాలవన్నారు. బావ గురించి ఎవరూ అడగలేదు. మీరు దయచేసి సలహా ఇవ్వకండి. ఇక్కడిదాకా చదివారు, అది చాలు.