ఆకుల మీద శుభాకాంక్షలు

ఒక పెద్ద అడవిలో క్రిస్మస్ ఎవరికీ బరువుగా ఉండేది కాదు, పరదేశి ఊరికెళ్ళి వచ్చేదాకా.

పరదేశి అంటే అడవి సంఘానికి కార్యదర్శిగా ఉన్న నక్క. ఊరి పొలిమేరలో ఎవరో పారేసిన గ్రీటింగ్ కార్డు నోట కరుచుకొచ్చి అధ్యక్షుడు సొలొమోను ముందు పెట్టాడు. సొలొమోను ఎలుగుబంటి. చదువు తక్కువ, హుందా ఎక్కువ.

"ఊళ్ళో పెద్దవాళ్ళకి ఇవి గుట్టలుగా వస్తాయటండీ. ఎన్నొస్తే అంత పరువట."

"మరి నాకెందుకు రావడం లేదు?" అన్నాడు సొలొమోను, కాస్త నొచ్చుకుని.

మర్నాడే సంఘం తీర్మానించింది. ప్రతి జంతువూ మిగతా జంతువులన్నిటికీ లేతాకు మీద శుభాకాంక్షలు రాసి పంపాలి. అందుకున్నవాళ్ళు బదులు పంపాలి. రాయడానికి ముళ్ళు ముళ్ళపంది ఎస్తేరమ్మ ఇవ్వాలి.

"నా ఒంటి మీదవా?" అంది ఎస్తేరమ్మ.

"పండగ పూట కాదనకు పిన్నీ," అని పరదేశి అప్పుడే ఒకటి పీకేశాడు.

దుప్పి సువార్తమ్మ నిండు చూలాలు. మొదటి కార్డు రాగానే ఆమెకి నిజంగానే సంతోషమేసింది. తనతో మాటలు మానేసిన కుందేలు పంపిందది. రెండుసార్లు చదువుకుంది. తర్వాత వచ్చినవన్నీ, ఒక్కటి తప్ప, ఒకటే మాట: 'మీకూ, మీ కుటుంబానికీ పండగ శుభాకాంక్షలు.' పెళ్ళీ పెటాకులూ లేని గుడ్లగూబకీ అదే వెళ్ళింది.

కోతులు చెట్టు చెట్టుకీ తీగల తోరణాలు కట్టాయి. వెదురు స్టార్లు వేలాడదీశాయి. అడవి ముచ్చటగానే ఉంది. కాకపోతే అందినంత ఎత్తులో ఒక్క లేతాకు మిగల్లేదు. సువార్తమ్మకి ఎండుగడ్డి సయించడం లేదు. కడుపులో బిడ్డ తన్నినప్పుడల్లా కళ్ళు తిరుగుతున్నాయి.

అయినా అధ్యక్షుడికి కార్డు ఇవ్వకపోతే బాగోదని గుహకి వెళ్ళింది. సొలొమోను లేడు. గుహ గోడల నిండా కార్డులు. నేరేడాకులు, జువ్వాకులు, వరసలు వరసలుగా. ఆ వాసనకి ఆమె కాళ్ళు కదల్లేదు. ఒక్కటే అనుకుంది. తరవాత ఏమనుకుందో ఆమెకే తెలీదు.

పరదేశి వచ్చేసరికి రెండు గోడలు ఖాళీ.

"అధ్యక్షులవారి పరువంతా నమిలేసింది!" అని అరిచాడు. సంఘం కూడింది. సువార్తమ్మని అడవి నుంచి వెలేయాలన్నాడు. ఈ స్థితిలో ఆమె ఎక్కడికెళ్ళాలి?

"ఎవరెవరి కార్డులు తిన్నావు?" అని గద్దించాడు సొలొమోను.

"చూళ్ళేదండీ. ఏ కార్డు పోయిందో తమరే చెప్పండి, అలాంటిదే రాయించి తెస్తాను."

సొలొమోను నోరు తెరిచాడు. ఒక్కటీ గుర్తు రాలేదు. అసలు చదివితే కదా!

"ఇదొక్కటి మాత్రం తినలేకపోయానండీ," అని సువార్తమ్మ ఒక ఆకు ముందుకు నెట్టింది. "నాకొచ్చిందే. ఎంత ఆకలేసినా దాచుకున్నాను."

సొలొమోను కూడబలుక్కుని చదివాడు. 'సువార్తా, కాన్పుకి నేనొస్తాను. భయపడకు. ముళ్ళు తగలకుండా దూరంగానే కూర్చుంటాలే. - ఎస్తేరమ్మ.'



"నాకు ఇలాంటిది ఒక్కటైనా వచ్చుంటుందా?" అన్నాడు సొలొమోను మెల్లగా.

"మీరు రాశారా ఎవరికైనా?" అంది ఎస్తేరమ్మ.

"కోతి చేత రాయించాను."

ముందు గుడ్లగూబ నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. ఆఖరికి సొలొమోను కూడా పొట్ట పట్టుకుని నవ్వి, మిగిలిన కార్డులన్నీ సువార్తమ్మకి పెట్టేయమన్నాడు. అక్కడికక్కడే కొత్త తీర్మానం: కార్డులు రద్దు. ఇకనుంచి ప్రతివాళ్ళూ స్వయంగా వెళ్ళి పలకరించాలి.

క్రిస్మస్ నాడు పొద్దున్నే సువార్తమ్మకి నొప్పులు మొదలయ్యాయి. ఎస్తేరమ్మ వచ్చి మాటిచ్చినట్టే దూరంగా కూర్చుంది. ఎండ పొద ఎక్కేలోగా చక్కటి ఆడపిల్ల పుట్టింది.

కబురు తెలిసి అడవంతా బయల్దేరింది. ఏనుగులు పిల్లని చూడ్డానికి పొదని తొక్కేశాయి. కోతులు బాలింత కొమ్ముల్లేని తలకి స్టార్ కట్టాయి. పరదేశి పాటల బృందాన్ని వెంటబెట్టుకొచ్చాడు. సొలొమోను ఒక పట్టు తేనె తెచ్చి, అందులో సగం తనే తింటూ సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఎవరూ లేవరు. పిల్ల నిద్రపోదు.

సువార్తమ్మ అందరికీ నవ్వుతూ మర్యాదలు చేసింది. ఆమెకి సంతోషంగానే ఉంది, ఒట్టు. కానీ అలిసిపోయి ఎస్తేరమ్మ చెవిలో అంది:

"పిన్నీ, వచ్చే ఏడు మళ్ళీ కార్డులు పెట్టించవూ?"

నీతి: ఆకు మీద వచ్చిన పలకరింపుని తినేయొచ్చు, కాళ్ళ మీద వచ్చినదానికి వడ్డించాలి.