మర్యాదకు వచ్చిన బిల్లు

ఉదయం తొమ్మిదింటికి అక్క సంచి సర్దుతోంది. ప్రయాణం చెల్లెలిది. నర్సుగా రిటైరైన చెల్లెలికి దూరపు ఊళ్ళో ఒక బడి హాస్టల్లో పిల్లల జ్వరాలు చూసే పని దొరికింది. పన్నెండింటికి బస్సు. అక్క తువ్వాలు పెట్టింది, తీసింది, మడత బాగాలేదని మళ్ళీ తీసింది. నలభై ఏళ్ళు బట్టలు కుట్టిన చేతులకి మడతలు ఒక పట్టాన నచ్చవు. అదీకాక, సంచి నిండితే మనిషి వెళ్ళిపోతుంది.

"దిగగానే ఫోన్ చేస్తావు కదూ?"

"చేస్తాలే అక్కా. ఎన్నిసార్లు చెప్పించుకుంటావు?"

అప్పుడే అక్క ఫోన్ టింగుమంది. బిల్లు కట్టలేదు కనుక మధ్యాహ్నం నుంచి లైను ఆపేస్తారట. చెల్లెలి ఫోన్ చెల్లెలితో వెళ్ళిపోతుంది. ఇంట్లో మిగిలేది ఇదొక్కటే. 'చేరాను' అన్న మాట వినకుండా అక్కకి ఆ రాత్రి కన్ను మూతపడదు.

చెల్లెలు బిల్లు తెరిచి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. మామూలుకి నాలుగింతలు. అడుగున 'ఇతర సంస్థల సేవలు' అట: రాశిఫలాలు, చేపలు పట్టే మెళకువలు, పది రోజుల్లో కండలు.

"ఈ వయసులో నీకు కండలెందుకక్కా?"

"నేనడిగానా? పాపం ఎవరో 'కావాలా' అని రాశారు. పలకరించినవాళ్ళకి జవాబివ్వకపోతే ఏం బాగుంటుంది? 'నాకొద్దు నాయనా, నువ్వు చల్లగా ఉండు' అని రాశాను."

చెల్లెలు నుదురు కొట్టుకుని తన ఫోన్ స్పీకర్లో పెట్టి కంపెనీకి చేసింది. ఒకటి నొక్కమంది, నాలుగు నొక్కమంది, గంటసేపు సంగీతం వినిపించింది. చివరికి ఒకతను పలికాడు.

"ఆ సేవలు మావి కాదండీ, వేరే సంస్థలవి."

"మరి డబ్బు?"

"వసూలు మాత్రం మాదేనండి."

"సూది ఎవరో పొడిస్తే ఫీజు నువ్వు పుచ్చుకుంటావా?"

"మీరు జవాబు పంపారు కదండీ. ఏ జవాబు పంపినా ఒప్పుకున్నట్టే."

అంతలో అక్క ఫోన్‌కి 'వంట నేర్చుకుంటారా?' అని సందేశం వచ్చింది. "వీళ్ళ సంగతి నేను చూస్తానుండు" అంటూ చెల్లెలు ఫోన్ లాక్కుని 'వద్దు' అని కొట్టింది. టింగ్! 'ధన్యవాదాలు, మీ వంట పాఠాలు మొదలయ్యాయి. కుక్కపిల్లల పెంపకం కూడా కావాలా?' 'ఆపండి' అని కొట్టింది. అవీ మొదలయ్యాయి. మూడోసారి, ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో డాక్టర్లను మనసులో మాత్రమే తిట్టుకున్న తిట్టొకటి పైకి తీసి పంపింది. వెంటనే ప్రేమలేఖలు రాయడం ఎలాగో చెప్పే సేవ వచ్చింది.

"నేను మర్యాదగా రాస్తే చేపలు వచ్చాయి. తిడితే ప్రేమలేఖలా!" అంది అక్క.

"ఇప్పటికి ఆరయ్యాయండీ," అన్నాడు అవతలతను, నీరసంగా. "అన్నీ రద్దు చేయాలంటే పైవాళ్ళని అడగాలి. రెండు నిమిషాల్లో వస్తాను, లైన్లోనే ఉండండి."

అక్క చెల్లెలి ఫోన్ దగ్గరకి వంగింది. "మేమెక్కడికీ పోం బాబూ. నువ్వు జాగ్రత్తగా వెళ్ళిరా."

మళ్ళీ సంగీతం. పన్నెండు కావస్తోంది.

"పెట్టేస్తానక్కా, బస్సు పోతుంది."

"వస్తానని చెప్పి వెళ్ళాడే! వచ్చి చూసి మనం లేకపోతే?"

చెల్లెలు పెట్టెయ్యలేకపోయింది. వీధి చివర బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. ఆమె సంచి మీదే కూలబడింది.

ఒంటిగంటకి అక్క ఫోన్ టింగుమంది. 'ఆరు సేవలు వాడుతున్న మీరు మా విశిష్ట ఖాతాదారులు. మీ లైను ఆపడం లేదు. బిల్లు కట్టడానికి మరో నెల గడువు ఇస్తున్నాం.'

నిన్నటిదాకా మూడే ఉన్నాయి కనుక, లైను నిలబెట్టింది చెల్లెలి కోపమే. కృతజ్ఞతలు చెబుదామని అక్క వేలు చాచేసరికి చెల్లెలు ఫోన్ లాక్కుని తలగడ కింద పెట్టి, దాని మీద కూర్చుంది.

మర్నాటి బస్సుకి చెల్లెలు వెళ్ళింది, చేరగానే ఫోన్ చేసింది, సెలవులకి ఇంటికీ వచ్చింది. రెండు నిమిషాల్లో వస్తానన్నతను మాత్రం గురువారం పదకొండూ నలభైకి వెళ్ళాడు, ఇంతవరకు తిరిగి రాలేదు.