మంత్రిగారి కుడి చెంప

రాబోయే ఎన్నికల్లో యువ ముఖాలకే టికెట్లిస్తామని, తొంభయ్యో ఏట అడుగుపెట్టిన పార్టీ అధ్యక్షులవారు చేతికర్ర ఊతంగా నిలబడి ప్రకటించారు. రోడ్లు, భవనాల మంత్రిగారికి అరవై ఎనిమిది. వారికి రోజూ గడ్డం గీసే భాగ్యం నాది కనుక, వారి రోడ్ల మీది గుంతలనూ ముఖం మీది గుంతలనూ సరిపోల్చి చెప్పగల ఏకైక పౌరుణ్ణి నేనే.

"ముఖ్యమంత్రి కావాలంటే ముందు ముఖమంత్రి కావాలన్నమాట," అన్నారు వారు అద్దంలో చూసుకుంటూ. ఎంత దూరదృష్టి.

వెంటనే ప్రభుత్వ ల్యాబ్ నుంచి కెమిస్టును పిలిపించారు. ఆవిడ రెండు డబ్బాలు తెచ్చింది.

"ఇది పెప్టైడ్ క్రీమండీ. చర్మాన్ని బిగువుగా ఉంచేది కొల్లాజెన్ అనే ప్రొటీన్. వయసు మీదపడితే అది విరుగుతుంది. ఈ పెప్టైడ్లు ఆ విరిగిన ముక్కల్లాంటివే. వీటిని చూసి చర్మం, ఎక్కడో కూలిందనుకుని కొత్తది కట్టడం మొదలెడుతుంది."

"కూలకుండానే కూలిందని మరమ్మతు మొదలెట్టించడమా? అది మా శాఖ పనే కదమ్మా. మరి ఇది తనంతట తాను ఏమీ కట్టదా?"

"కట్టదండీ. కట్టమని కబురు చెబుతుందంతే."

"మంత్రి పదవికి తగిన సరుకు. ఎన్నాళ్లు పడుతుంది?"

"పన్నెండు వారాలు. అదీ కొద్దిగానే. చర్మం లోపలికి దిగేది తక్కువ. పనిచేసిందో లేదో తేలాలంటే ఒక చెంపకు పెప్టైడ్ ఉన్నది, రెండో చెంపకు లేనిది రాయాలి. ఏ డబ్బాలో ఏముందో ఈ సీలు కవర్లో ఉంది. చివరిదాకా మీకూ తెలియకూడదు, నాకూ తెలియకూడదు."

"తెలియకుండా పనిచేయడం మాకలవాటే."

కుడి, ఎడమ అని రాసున్న ఆ డబ్బాల్లోది రోజూ గడ్డం గీశాక ఆయా చెంపలకు రాసే పని నాకు పడింది. మూడో రోజు పొద్దున మంత్రిగారు అద్దంలోకి వంగి, "కుడి చెంప కాస్త తేటపడినట్టు లేదూ?" అన్నారు. కత్తి నా చేతిలో ఉన్నా బెదురు నా మెడకే. "మెరుస్తోందండీ," అన్నాను. ధగధగలాడుతోందన్నాడు సెక్రటరీ. సాయంత్రానికల్లా డిపార్ట్‌మెంటు యావత్తూ ఆ చెంపలో తల దువ్వుకుంటోంది.

విలేకరుల కుర్చీలన్నీ కుడిపక్కకు మారాయి. ఆఫీసులో ఎడమవైపు తలుపు మూయించారు. మంత్రివర్గ సమావేశాల్లో వారు ఎడమ చెంపను గోడకు ఆనించి కూర్చునేవారు. ఊరూరా పోస్టర్లు లేచాయి: ఒక కన్ను, ఒక చెవి, అర ముక్కు, నిండు ఆత్మవిశ్వాసం. ఎడమ చెంపకు క్రీము రాయడం మాత్రం నేను మానలేదు. డ్యూటీ డ్యూటీయే.

పన్నెండు వారాలయ్యాక, మంత్రిగారికి టికెట్ ఇవ్వాలో వద్దో తేల్చడానికి అధ్యక్షులవారు స్వయంగా వేంచేశారు. కెమిస్టు అందరి ఎదుటా ముడతలు కొలిచే మిషన్ పెట్టి రెండు చెంపలూ కొలిచి, మొదటి రోజు కొలతలతో పోల్చి, కవరు చించింది. ఆవిడకు ముఖం కొలవడమే వచ్చు, ముఖస్తుతి రాదు పాపం.

"పెప్టైడ్ రాసింది ఎడమ చెంపకండీ. ముడతలు కొంచెం తగ్గాయి. కుడి చెంపకు రాసింది ఉత్త తేమ క్రీము. అక్కడి ముడతలు అక్కడే ఉన్నాయి. తేటపడిందని సార్ అన్నారు, వీళ్లంతా అవునన్నారు. అంతకుమించి ఆ పక్కన ఏమీ జరగలేదు."

మంత్రిగారు సెక్రటరీ వంక, సెక్రటరీ నా వంక, నేను నేల వంక చూశాం.

"పొరపాటైందండీ," అంటూ మంత్రిగారు చెంపలేసుకోబోయి, ముందు ఏ చెంపో తేల్చుకోలేక ఆగిపోయారు.

అధ్యక్షులవారు కళ్లజోడు సవరించుకుని రెండువైపులా పరీక్షగా చూశారు.

"పనిచేసేదాన్ని గోడకు తిప్పి, చేయనిదాన్ని పోస్టరెక్కించావన్నమాట."

"అవునండీ."

"ముప్పై ఏళ్లుగా పార్టీని నేను నడుపుతున్నదీ అలాగేనయ్యా. టికెట్ నీదే."