మా బావ పీపాకు చావు లేదు

మానవజాతి ఎట్టకేలకు మృత్యువును జయించింది. నమ్మకపోతే మా బావ బీరు కొట్టుకు వచ్చి చూసుకోండి!

కొట్టు వెనక గదిలో చిన్న బీరువా అంత మెషిన్ ఒకటి రోజంతా 'హూ...' అని మూలుగుతూ ఉంటుంది. దాని పేరు గ్యాస్ జనరేటర్. కరెంటు పుట్టించే జనరేటర్ అనుకునేరు, కాదు. ఇది కరెంటు తిని గ్యాస్ పుట్టిస్తుంది. గదిలోని గాలిని లోపలికి పీల్చుకుంటుంది. అందులోంచి ఆక్సిజన్‌ను బయటికి గెంటేసి నైట్రోజన్‌ను మాత్రం ఉంచుకుంటుంది. దానికి బీరులో బుడగలు నిలిపే గ్యాస్ కాస్త జోడించి గొట్టం గుండా పీపాలోకి తోస్తుంది. ఆ ప్రెషర్‌కి బీరు ట్యాపులోంచి నురగలు కక్కుతూ గ్లాసులోకి దూకుతుంది. ఆక్సిజన్ తగలదు కాబట్టి పాడవదు. ఒకరోజూ రెండ్రోజులూ కాదండీ, వారాల తరబడి! పీపా తెరిచి ఎన్నాళ్లయినా నిన్ననే తెరిచినట్టు నవనవలాడుతూ ఉంటుంది.

'గాలిలోంచి గ్యాస్ తియ్యడం ఏం గొప్ప, నువ్వు వారం వారం ఈ కాలమ్‌లో చేసేదీ అదేగా' అని మీలో కొందరు గొణుక్కోవడం నాకు వినపడింది. వినపడనట్టే ముందుకు పోతున్నాను.

ఈ మెషిన్ రాకముందు మా బతుకులు ఎంత హీనంగా ఉండేవో మీకు తెలియాలి. తెలిస్తే గానీ ఈ వరం విలువ అర్థం కాదు.

మా బావ అంటే మా అక్క భర్త. టైలరు షాపుకూ తాళంచెవులు చేసే కొట్టుకూ మధ్య ఇరుక్కున్న ఎనిమిది స్టూళ్ల బీరు కొట్టు ఆయనది. స్టూళ్లు ఎనిమిదే ఎందుకంటే తొమ్మిదోది వేస్తే తలుపు తెరుచుకోదు. ఆయన మాటల మనిషి కాదు. పొద్దున ఎవరికైనా 'ఊఁ' అన్నాడంటే ఆ రోజు కోటా అయిపోయినట్టే. అక్క ఉన్నన్నాళ్లూ ఇద్దరి మాటలూ ఆవిడే మాట్లాడేది. "మీ బావకి కోపం వచ్చింది", "మీ బావ నవ్వుకుంటున్నారు", "మీ బావకి నువ్వంటే ఇష్టం, పైకి చెప్పరు" అని అక్క చెబితేనే ఆయన లోపలేం జరుగుతోందో మాకు తెలిసేది. అక్క పోయి మూడేళ్లయింది.

అప్పట్లో పీపాకు చేతి పంపు ఉండేది. సైకిలు చక్రానికి గాలి కొట్టినట్టు కొడితే బీరు వచ్చేది. కానీ కొట్టిన ప్రతిసారీ మామూలు గాలే లోపలికి పోతుంది కదా! అది తగిలిన బీరు ఇవాళ అమృతం, రేపు సాయంత్రానికి గిన్నెలు కడిగిన నీళ్లు. ఆలస్యం అమృతం విషం అని పెద్దలు ఊరికే అన్నారా? వాళ్ల దగ్గర కూడా చేతి పంపే ఉండి ఉంటుంది.

అందుకని శనివారం మధ్యాహ్నం పీపా తెరిస్తే ఆదివారం సాయంత్రానికి ఖాళీ కావాలి. ఎనిమిది స్టూళ్ల కొట్టుకు దారిన పోయేవాళ్లు ఎంతమంది వస్తారు? కాబట్టి బావ ఫోన్ చేసేవాడు.

"పీపా తెరిచాను. రేపటికి పాడైపోతుంది."

అంతే. టక్కున పెట్టేసేవాడు. రమ్మనడు, బాగున్నావా అనడు. ఈ రెండు ముక్కలే నాకూ, సెలూన్ ఆయనకీ, పళ్ల డాక్టరమ్మకీ, లిఫ్టు మెకానిక్‌కీ వరసగా చెప్పేవాడు. ఇంకేముంది, ఇల్లు అంటుకున్నట్టు పరుగో పరుగు! సెలూన్ ఆయన ఒకసారి ఒక చెంప మాత్రమే గీసిన కస్టమర్‌ను వెంటబెట్టుకునే వచ్చేశాడు. డాక్టరమ్మ 'నోరు మూయకండి, ఇప్పుడే వస్తా' అని ఎవరికో చెప్పి వచ్చిందని అంటారు. ఆ మనిషి నోరు ఎప్పుడు మూశాడో ఈనాటికీ తెలియదు.

వచ్చాక పోనీ హాయిగా కూర్చోనిచ్చేవాడా? అదీ లేదు. తలా వంద పోట్లు పంపు కొట్టాలి. అది కొట్టు రూలు. కొట్టేవాడికి చేతులకే పని గానీ నోరు ఖాళీగా ఉంటుంది కదా, మనసులో ఉన్నదంతా కక్కేవాడు. వినేవాళ్లకు గ్లాసు నిండలేదు కాబట్టి లేచి వెళ్లే దారి లేదు. ఆ ఖర్మకొద్దీ నాకు ఎన్ని పనికిరాని సంగతులు తెలిశాయో! సెలూన్ ఆయన కూతురు లారీ నడుపుతుందనీ, ఆ అమ్మాయి ఘాట్ రోడ్డు ఎక్కితే ఈయనకి ఇక్కడ కత్తి వణుకుతుందనీ తెలిసింది. డాక్టరమ్మ ఇరవై ఏళ్లుగా తన పళ్లు ఇంకో డాక్టరుకు చూపించలేదని తెలిసింది. లిఫ్టు మెకానిక్‌కి లిఫ్టు అంటే భయమనీ, ఆరో అంతస్తు లిఫ్టు బాగుచెయ్యడానికి కూడా మెట్లెక్కే పోతాడనీ తెలిసింది. ఇవన్నీ తెలిసి నేనేం బావుకున్నాను, చెప్పండి?

ఇంతలో బావ భుజం పట్టేసింది. మేం లేని వేళల్లో పంపు కొట్టేది ఆయనే కదా. ఒక శనివారం పై అరలో గ్లాసు పెట్టబోయి చెయ్యి లేవక కింద అరలో పెట్టాడు. ఎవరూ చూడలేదనుకున్నాడు. నేను చూశాను. మర్నాడే రంగు రంగుల బొమ్మలున్న కంపెనీ కాగితం ఒకటి పట్టుకెళ్లి, గ్యాస్ జనరేటర్ గురించి ముప్పావు గంట ఉపన్యాసం దంచాను. సైన్సు అన్నాను, ప్రగతి అన్నాను, ఇంకా చేతి పంపేమిటి బావా, నలుగురూ నవ్విపోతారు అన్నాను. బావ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నువ్వు చెబితే సరే" అన్నాడు.

అదండీ సంగతి. ఆ మెషిన్ తెప్పించిన ఘనత నాదే. సన్మానాలేవైనా ఉంటే నాకే చెయ్యాలి.

ఇక లాభాలు వినండి. మొదటి లాభం ప్రశాంతత. మెషిన్ వచ్చాక నలభై మూడు రోజులు బావ దగ్గర్నుంచి ఫోన్ లేదు! పీపా పాడవదు కాబట్టి చెప్పడానికేమీ లేదు. నా శనివారాలన్నీ నావే అయిపోయాయి. ఇంట్లో ఉన్న ఒంటి మేజోళ్లన్నిటికీ జతలు వెతికి పెట్టాను. బట్టలుతికే మెషిన్‌తో వచ్చిన పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. చివర్లో అందరూ పొడిగా బయటపడతారు.

మా ఆవిడ మాత్రం శనివారం వచ్చిందంటే మొదలుపెట్టేది. "అన్నయ్యగారు ఫోన్ చెయ్యలేదా?"

"ఎందుకు చేస్తాడు? పీపా భేషుగ్గా ఉంది."

"నేనడిగింది పీపా గురించి కాదు."

ఆవిడకు సైన్సు తెలియదు. నేను మేజోళ్లలోకి తల దూర్చేశాను.

రెండో లాభం స్వేచ్ఛ. బీరు ఎప్పుడూ తాజాగానే ఉంటుంది కాబట్టి ఎప్పుడైనా వెళ్లొచ్చు. ఎప్పుడైనా వెళ్లొచ్చు కాబట్టి ఎవరూ వెళ్లలేదు. తొందరేముంది? నిదానమే ప్రధానం! సెలూన్ ఆయన వచ్చే వారం అనుకున్నాడు. డాక్టరమ్మ వచ్చే నెల అనుకుంది. లిఫ్టు మెకానిక్ అదీ అనుకోలేదు.

మరి నువ్వెళ్లొచ్చుగా, కాళ్లు లేవా అంటారా? అక్క ఉన్నప్పుడు అడ్డేముంది, అక్క ఇంటికి తమ్ముడు పోవడానికి కారణం అక్కర్లేదు. అక్క లేని ఇంటికి బావమరిది పోవాలంటే ఏదో ఒక కారణం కావాలి. పిలవని పేరంటానికి పోయినట్టు ఉంటుంది. ఇన్నాళ్లూ ఆ కారణం మాకు పీపా ఇచ్చేది.

అయినా మొహమాటం చంపుకుని ఒక మంగళవారం వెళ్లాను. ఏడు స్టూళ్లు ఖాళీ. ఎనిమిదోదాని మీద బావ. లేచి గ్లాసు నింపి ఇచ్చాడు. చల్లగా, నిండు నురగతో, ఒక్క వంక పెట్టడానికి లేదు.

"ఎలా ఉంది?" అన్నాడు.

"బాగుంది."

"మెషిన్ మంచిదే."

"మంచిదే."

'హూ...' అంది మెషిన్. ఆ పూట అందరికంటే ఎక్కువ మాట్లాడింది అదే. బావ తుడిచిన బల్లనే మళ్లీ తుడిచాడు. నేను తాగిన గ్లాసునే మళ్లీ తాగాను. వెళ్లొస్తా బావా అని లేచొచ్చాను. తిరిగొస్తూ మా వీధి మలుపు దాటిపోయి మళ్లీ వెనక్కి నడిచాను. తాజా బీరు అలవాటు తప్పి అయ్యుంటుంది.

ఇంత గొప్ప మెషిన్‌ను బీరుకే పరిమితం చెయ్యడం నేరమని నా అభిప్రాయం! ప్రతి ఇంటికీ ఒకటి ఉండాలి. పెళ్లయిన కొత్తలో మా ఆవిడకు సముద్రం చూపిస్తానని మాటిచ్చాను. దానికి అప్పుడే ఈ గొట్టం తగిలించి ఉంటే ఆ మాట ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉండేది. పక్కింటాయన్ని తిట్టాక చెప్పాలనుకున్న క్షమాపణకు తగిలించండి, మనవలు వచ్చి చెప్పుకుంటారు. పురిట్లో చూడ్డానికి వెళ్లాల్సిన పసిగుడ్డుకు తగిలించండి, మనకు తీరిక దొరికేదాకా మీసాలు మొలవకుండా ఉంటాడు. అక్కకు ఒంట్లో బాగోలేదట, వచ్చే వారం తీరిగ్గా వెళ్లి చూసొద్దాం అని నేననుకున్న వారం ఒకటుంది. ఆ వారానికి ఎవరైనా ఈ గొట్టం తగిలించి ఉంటే...

సరే, ఆ సంగతి వదిలెయ్యండి. మనం ప్రగతి గురించి మాట్లాడుకుంటున్నాం.

నలభై నాలుగో రోజు శనివారం. మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"మెషిన్ ఆగిపోయింది. పీపా పాడైపోతుంది."

టక్కున పెట్టేశాడు.

నేను ఒక కాలికే మేజోడుతో వీధిలో పడ్డాను. వెళ్లేసరికి సెలూన్ ఆయన మెడలో కస్టమర్ తువ్వాలుతో నిలబడి ఉన్నాడు. డాక్టరమ్మ మాస్కు విప్పుకుంటూ నా వెనకే వచ్చింది. లిఫ్టు మెకానిక్ పనిముట్ల సంచీతో అప్పటికే వెనక గదిలో దూరాడట. పది నిమిషాలు లోపలే ఉన్నాడు. మెషిన్ మూత తీసిన చప్పుడైతే మాకు వినపడలేదు. తర్వాత ఏ మరకా లేని చేతుల్ని గుడ్డతో గట్టిగా తుడుచుకుంటూ బయటికొచ్చి తీర్పు చెప్పాడు.

"చాలా పెద్ద ఫాల్ట్ అండీ. సోమవారం దాకా చెయ్యగలిగిందేం లేదు."

బావ తల పంకించి బల్ల కిందనుంచి చేతి పంపు తీశాడు. నలభై మూడు రోజులు మూలన పడున్న పంపు మీద దుమ్ము లేదు. నూనె కూడా వేసి ఉంది.

బావ భుజం సంగతి తెలుసు కాబట్టి పంపు ఆయన్ని ముట్టుకోనివ్వలేదు. సెలూన్ ఆయన ముందు కొట్టాడు. వాళ్ల అమ్మాయి లారీకి కొత్త టైర్లు వేయించిందట, ఫోటో చూపించాడు. డాక్టరమ్మకు పన్ను నొప్పి మొదలైందట, ఎవరికీ చెప్పొద్దంది. నా వంతు వచ్చేముందు పల్లీల పొట్లం తేవడానికి వెనక గదిలోకి వెళ్లాను.

మెషిన్ ప్లగ్గు ఊడి ఉంది.

ఊడిపడింది కాదండోయ్. వైరు గుండ్రంగా, కొలిచినట్టు ఒకే సైజు చుట్టలు చుట్టి, రబ్బరు బ్యాండు వేసి మెషిన్ నెత్తిన పెట్టి ఉంది. ఈ భూప్రపంచంలో వైరును అంత పద్ధతిగా చుట్టే మనిషి ఒక్కడే ఉన్నాడు. 'మీ బావ చేతికిస్తే పామును కూడా చుట్టచుట్టి రబ్బరు బ్యాండు వేస్తార్రా' అనేది అక్క.

పల్లీలు పట్టుకుని బయటికొచ్చాను. బావ నా వంక చూశాడు. నేను పల్లీల వంక చూశాను.

"మెషిన్లను నమ్మడానికి లేదు బావా" అన్నాను.

"లేదు" అన్నాడు.

పంపు అందుకుని కొట్టడం మొదలుపెట్టాను. రొప్పు వచ్చి ఆపగానే బావ గొంతు సవరించుకున్నాడు.

"అరవై రెండే కొట్టావు. మీ అక్క ఉంటే ఊరుకునేదా?"

ఇన్నేళ్లలో ఆయన నాతో మాట్లాడిన అతి పెద్ద మాట అది. లిఫ్టు మెకానిక్ ఎందుకో గోడవైపు తిరిగాడు. నేను నోరు మూసుకుని మిగతా ముప్పై ఎనిమిదీ కొట్టాను. కళ్లలో చెమట పడింది.

కాబట్టి పాఠకులారా, మొదట్లో అన్న మాటకే నేను కట్టుబడి ఉన్నాను. ఈ మెషిన్ వరమే! అది లేకపోతే ఆగేదెలా? అది ఆగకపోతే బావ ఫోన్ చేసేదెలా?

మెషిన్ చేసిన కంపెనీవాళ్లకు ఒక్క మనవి. దయచేసి మీ మెకానిక్‌ను పంపకండి. మాకు అనుభవజ్ఞుడైన లిఫ్టు మెకానిక్ ఉన్నాడు, అన్నీ చూసుకుంటున్నాడు. సోమవారం పొద్దున అది దానంతటదే బాగైంది. వచ్చే శనివారం మధ్యాహ్నం మళ్లీ చెడిపోతుందని బావ ముందే చెప్పాడు.