ఆగిపోయిన కంప్యూటరే అదృష్టం!

టౌన్‌హాల్ కంప్యూటర్ మళ్లీ చచ్చింది! నీటి బిల్లులు సగంలో ఆగాయి. పోలీసుల జీతాలు పూర్తిగా ఆగాయి. మేయర్ గొంతు మాత్రం ఆగలేదు.

"మధ్యాహ్నంలోగా దోషి ఎవరో తేలాలి. లేదంటే ఆ ఆపరేటర్‌ని ఇంటికి పంపించేస్తా!"

పాఠకులారా, జాలిపడకండి. ఏ ఊరికైనా ఆగిపోయిన కంప్యూటర్‌ని మించిన అదృష్టం ఉందా? నడిచే కంప్యూటర్ ఏమిస్తుంది? బిల్లులు! ఆగిపోయిందైతే కమిటీని ఇస్తుంది. కమిటీ సబ్‌కమిటీని కంటుంది. సబ్‌కమిటీ డోనట్లు తెప్పిస్తుంది!

1983 జూలైలో, అమెరికాలోని పిస్కాటవే దగ్గరి ఆ చిన్న ఊరికి ఇంత భాగ్యం కలిగించినవాడు శ్యామ్‌సుందర్. కంప్యూటర్ అభివృద్ధికి ప్లాన్ వేసే కన్సల్టెంట్. కంప్యూటర్‌ని ఎన్నడూ ముట్టుకోలేదు. ముట్టుకుంటే ప్లాన్ మీద ధ్యాస చెదరదూ? అతని పుణ్యమా అని పెంపుడు కుక్కలకిచ్చే లైసెన్సులు ఆగిపోయి ఊళ్లో కుక్కలన్నీ స్వేచ్ఛాజీవులయ్యాయి. ఎడమొహం పెడమొహంగా ఉండే ఫైర్ చీఫ్, లైబ్రరీ మేడమ్ కమిటీలో పక్కపక్కన కూర్చుని పెళ్లి కుదుర్చుకున్నారు. ప్లాన్ పూర్తయిపోతే ఇవన్నీ జరిగేవా?

కమిటీ కూర్చునేది కంప్యూటర్ గదిలోనే. టౌన్‌హాల్ మొత్తానికి ఏసీ ఉన్న గది అదొక్కటే మరి! చర్చలు పరమ రహస్యం కనుక, మెషీన్ నడిపే వసుమతికి మాత్రం ప్రవేశం లేదు.

ఆమె తలుపు దగ్గరే అతన్ని పట్టుకుంది.

"శ్యామ్‌సుందర్‌గారూ, ఈ జాబ్ పోతే నా గ్రీన్‌కార్డ్ పేపర్స్ కూడా పోతాయండీ. మీ ప్లాన్‌లో నా గురించి ఏమైనా రాశారా?"

"రాయకపోవడమేంటమ్మా! ఫ్యూచర్ స్టాఫ్ అనే చాప్టర్‌లో ఉన్నావ్."

"ఫ్యూచర్ తర్వాత, ముందు ఈ పూట గడవాలి కదా! ఒకటి గమనించారా? మీరు మీటింగ్ పెట్టిన రోజే అది క్రాష్ అవుతోంది. నిన్న కూడా అంతే! ఇందాకే మళ్లీ లేపాను."

శ్యామ్‌సుందర్‌కి చటుక్కున తట్టింది. అంటే శత్రువు కమిటీలోనే ఉన్నాడు!

అందర్నీ లోపల కూర్చోబెట్టి, వసుమతిని కూడా పిలిచి, తలుపు గడియ వేశాడు. ఫైర్ చీఫ్ జేబులు వెతికించాడు. డోనట్ల చక్కెర పొడిలో వేలిముద్రలు చూశాడు. రష్యాలో ఎవరికైనా చుట్టాలున్నారా అని మేయర్‌నే నిలదీశాడు!

లైబ్రరీ మేడమ్ శాలువా బిగించుకుంది. "అబ్బ, చలి! మిస్టర్ శ్యామ్, ఎప్పటిలాగే కాస్త..."

"ఓ, ష్యూర్!"

ఏసీ కోసం వచ్చినవాళ్లకి కాసేపట్లోనే వణుకు పుట్టడం మామూలే. మీటింగ్ మొదట్లో ఏసీ ఆపడం, వెళ్లేటప్పుడు మర్యాదగా మళ్లీ వేయడం అతనికి అలవాటే. స్విచ్ మీద వేలు పెట్టాడు.

"అయ్యో, ఆపకండి!" వసుమతి తెలుగులో కేక పెట్టింది. "ఆ ఏసీ మనక్కాదండీ, మెషీన్‌కి! వేడెక్కితే చచ్చూరుకుంటుంది!"

వేలు అక్కడే బిగుసుకుపోయింది. గదిలో తెలుగు తెలిసింది వాళ్లిద్దరికే.

"ఏమంటోంది?" మేయర్ ముందుకు వంగాడు. "దొరికాడా దోషి?"

ఎలుకలని చెప్పేయవచ్చు. ఎలుకలకు లాయర్లుండరు. పైగా ఎలుకల నివారణకు మరో ప్లాన్, మరో కాంట్రాక్టు! శ్యామ్‌సుందర్ నోరు తెరిచాడు.

వసుమతి నవ్వింది. "మీరు చెప్తారా, నన్ను ఇంగ్లీష్‌లో చెప్పమంటారా?"

అతను టై సర్దుకున్నాడు.

"దొరికాడు సార్. కంప్యూటర్ అభివృద్ధి ప్లానింగ్ కన్సల్టెంట్, శ్యామ్‌సుందర్!"