ముక్కుకు పడిన ఓట్లు

అక్టోబరు తొమ్మిదో తేదీ నాకు బాగా గుర్తు. ఆ ఉదయం మా చెల్లెలు తన బేకరీలో కాల్చిన బన్నులు రెండు, వేడి పాలతో తిన్నాను. ఇంకో పెట్టెడు బన్నులు చంకన పెట్టుకుని, మానవాళి మేలు కోసం ఏర్పాటైన ఒక సంఘం సమావేశానికి వెళ్లాను.

మెదడు అడుగున శనగగింజంత పీయూష గ్రంథి ఉంటుంది. దానికి గడ్డ లేస్తే ముక్కు దారిన లోపలికి వెళ్లి తీస్తారు. తీశాక రోగి బాగుపడ్డాడా లేదా అన్నది ఒక్కో ఆసుపత్రి ఒక్కోలా కొలుస్తుంది. ఒకచోట గడ్డ పోతే విజయం, ఇంకోచోట రోగి ఇంటికి పోతే విజయం. ఎవరి కొలత వారిదే గనుక ఇంతవరకు ఎవరూ ఓడిపోలేదు. ఇకమీదట అందరూ ఏవేవి కొలవాలో తేల్చడం సంఘం పని.

సంఘంలో రోగుల తరఫున ఒకరుండాలని నియమం. ఆ ఆపరేషన్ చేయించుకున్న మా ఆవిడ మూడేళ్ల కిందట వేరే జబ్బుతో పోయింది. అందువల్ల నన్ను ఆమెతో సమానుడిగా పరిగణిస్తూ తీర్మానించారు. ఆవిడ బతికుండగా ఈ సంగతి ఎవరూ ఒప్పుకోలేదు.

ఆపరేషన్ తరువాత ఆవిడకు వాసన తెలియకుండా పోయింది. "ఏమండీ, వంటింట్లో గ్యాసేమైనా వస్తోందేమో, ఒకసారి ముక్కు పెట్టి పొండి" అనేది రోజూ. ఇప్పుడు అలాంటి గడ్డే మా చెల్లెలికి. వచ్చే నెల ఆపరేషన్. రొట్టె కాలిందీ లేనిదీ ఆమె వాసనతోనే పట్టేస్తుంది.

"అన్నయ్యా, ముక్కు పోతే నా కొట్టు మూతే. దాన్ని కూడా లెక్కలో రాయమను. రాయాలంటే కాస్త చూసుకుని కోస్తారు," అంది. "ఈ బన్నులు తింటూ వద్దంటారేమో చూస్తాను."

అధ్యక్షులు శస్త్రవైద్యులు. "రోగి గొంతే మనకు దిక్సూచి! ఆ గొంతుకు రెండు నిమిషాలు కేటాయిస్తున్నాను," అని సెలవిచ్చారు. గడ్డ ఎంత పోయిందో కొలవాలని వారి పట్టు. రక్తం కొలవాలని హార్మోన్ల డాక్టరమ్మ, చూపు కొలవాలని కంటి డాక్టరు. మధ్యాహ్నానికి మూడూ నెగ్గాయి. అప్పుడు నేను లేచి వాసన మాటెత్తాను.

"వాసనను దేంతో కొలుస్తామండీ?" అన్నారు గణాంకాల నిపుణులు.

"సీసాలుంటాయి సార్, మూత తీసి వాసన చూపించాలి. పావుగంట పడుతుంది," అంది డాక్టరమ్మ.

"పావుగంటే! ఎవరికి తీరిక?" అన్నారు అధ్యక్షులు. ఈ విషయం మీద చర్చ గంటసేపు సాగింది.

ఆ గంటలోనే డాక్టరమ్మ మాట మధ్యలో ఆగి గాలి పీల్చింది. "ఏదో మాడుతోంది!"

"వైరేమో!"

"వైరు కాదండీ, తియ్యగా ఉంది!"

మేధావులందరూ ముక్కులెత్తి నడవాలోకి పరుగెత్తారు. పొగ ఎక్కడా లేదని కంటి డాక్టరు నిర్ధారించారు. అధ్యక్షులు మాత్రం తమ ముక్కు వెంట నడిచి, పక్క గదిలో నేను తెచ్చిన బన్నులు ఎవరో వేడికి పెట్టి మరిచిన ఓవెన్‌ను ఆపారు. భవనాన్ని కాపాడినందుకు వారికి ఏకగ్రీవంగా ధన్యవాదాలు తెలిపారు. మాడనివి ఏరుకుని తిన్నారు. తరువాత అందరూ కూర్చుని ఓటేశారు.

నిత్యజీవితంలో పెద్దగా అక్కరకు రానిదన్న కారణంగా వాసనను తొలగించారు.

"మరి ఇందాక?" అన్నాను.

"ఒక్కసారి జరిగినదాన్ని ఆధారంగా తీసుకోలేమండీ," అన్నారు గణాంకాల నిపుణులు, ఎంతో దయగా.

మెట్ల దగ్గర డాక్టరమ్మ నన్ను ఆపింది. "మీ చెల్లెలికి ఆ సీసాల పరీక్ష ముందూ తరువాతా నేను చేస్తాను. ముక్కు జాగ్రత్తని కోసేవాళ్లకూ చెబుతాను. సంఘంలో మాత్రం అనకండి." మంచిపని దొంగతనంగా చేయవలసి వచ్చినా, చేసేవాళ్లు ఒకరున్నారు.

రోగుల గొంతుకు పెద్దపీట వేశామని నివేదికలో రాస్తారట. వాళ్లను తప్పుపట్టలేను. మా ఆవిడను చూడవచ్చిన మనవాళ్లందరూ గడ్డ ఎంతుంది, ఖర్చెంతయింది అనే అడిగారు. ఏమేం వాసనలు పోయాయమ్మా అని ఒక్కరూ అడగలేదు. వచ్చినవాళ్లలో మీరూ ఉన్నారనుకుంటాను.

చీకటిపడే వేళకు బేకరీకి వెళ్లాను.

"ఏమైంది?" అంది చెల్లెలు.

"ముక్కు ఓడిపోయింది."

"మరి నా బన్నులు?"

"వాసన అద్భుతమన్నారు, అందరూ."

ఆమె పడీపడీ నవ్వింది. ఆనక దీపం ఆర్పి, గుమ్మంలో నిలబడి, చల్లారుతున్న రొట్టెల వాసన గుండెనిండా పీల్చుకుంది. చప్పుడు కాకుండా తలుపు వేసింది.