మలాం కాలు, మేజోడు కాలు

మీలో ఎవరింట్లోనైనా వైద్య పరిశోధనలకు మార్కులు వేసే మనిషి ఉందా? లేదంటే మీరు అదృష్టవంతులే. కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి, నా గోడు చెబుతాను.

మా ఆవిడ ఉద్యోగం అదే. ఫలానా జబ్బుకు ఫలానా మందు పనిచేస్తుందని ఎవరెవరో రాసిన పరిశోధనలన్నీ ఆవిడ బల్ల మీదికి వస్తాయి. ఎంతమంది మీద చూశారు, దేనితో పోల్చారు, చూసినవాళ్ళకు అందులో లాభమేమైనా ఉందా అని ఆరా తీసి, చివరికి ‘పటిష్ఠం’ నుంచి ‘అతి బలహీనం’ దాకా ఏదో ఒక ముద్ర వేస్తుంది. ఇంటికొచ్చాక కూడా ఆ ముద్ర ఆవిడ చేతిలోనే ఉంటుంది. ఇరవై రెండేళ్ళ కాపురంలో నా మాట ఒక్కటి కూడా ‘మధ్యరకం’ దాటలేదు.

నేను దర్జీని. పొద్దున తొమ్మిదికి కత్తిరింపు బల్ల ముందు నిలబడితే సాయంత్రం ఐదు దాకా నిలబడే ఉంటాను. అలా నిలబడీ నిలబడీ రెండు పిక్కల మీదా సిరలు ఉబ్బి, దారపు ఉండల్లాగా మెలికలు తిరిగాయి. సాయంత్రానికి కాళ్ళు వాచేవి. కుడి చీలమండ పైన చర్మం గోధుమరంగుకు తిరిగింది.

వెళ్ళి చూపించుకుంటే డాక్టరమ్మ చేతికి కట్టే బీపీ పట్టీని కాలికి కూడా కట్టి, రక్తం కిందికి బాగానే పోతోందని, పైకి రావడమే కష్టమవుతోందని తేల్చింది. “బిగుతు మేజోళ్ళు వేసుకోండి. ఆ రంగు మారిన చోట పుండు పడితే ఓ పట్టాన మానదు” అంది.

ఆ మేజోడు చూశారా మీరు? చూడటానికి చిన్నపిల్లల టోపీలా ఉంటుంది. దాన్ని మోకాలి దాకా ఎక్కించాలి. మొదటి రోజు మంచం మీద అరగంట కుస్తీ పడితే మడమ దగ్గర ఆగిపోయింది. మా ఆవిడ పక్కన నిలబడి చూసింది.

“ఊరందరికీ ప్యాంట్లు తొడుగుతారు. మీ కాలికి మీరు తొడుక్కోలేరా?”

“నేను కుట్టిన ప్యాంటు మనిషి మాట వింటుందే. ఇది వినడం లేదు.”

మా దుకాణం పక్కనే గడియారాలు బాగుచేసే ఆయన ఉన్నాడు. వీధిలో అందరూ గ్యారంటీగారు అంటారు. గడియారానికే కాదు, వానకీ ఎండకీ కూడా ఆయన గ్యారంటీ ఇస్తాడు. నా బాధ విని ఒక పచ్చటి మలాం సీసా చేతిలో పెట్టాడు. “మూడు వారాలు రాయి. సిరలు ఎక్కడున్నాయో నువ్వే వెతుక్కోవాలి. గ్యారంటీ.” ఘాటుకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత ఘాటున్నది పనిచేయకుండా ఎలా ఉంటుందని నా వాదన.

ఆ మలాం రాసుకుని బాగుపడ్డామని ఎనిమిదిమంది చేత కాగితం మీద సంతకాలు పెట్టించి మా ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది.

“వీళ్ళలో మలాంతో బాగుపడనివాళ్ళు ఎంతమంది?”

“వాళ్ళని నేనెందుకు అడుగుతాను?”

“ఈ నాలుగో ఆయనకి సిరలు ఉబ్బాయా?”

“లేదు. మెడ నొప్పి.”

“ఆరో సంతకం గ్యారంటీగారిదేగా?”

“ఆయన కూడా మనిషేగా.”

కాగితం మూలన ‘అతి బలహీనం’ అని రాసి తిరిగి ఇచ్చింది. నాకు పౌరుషం వచ్చింది. “అయితే నీ మేజోడు గొప్పదని నా కాలి మీద రుజువు చెయ్యి” అన్నాను. ఆ మాట అన్న నోటిని ఇప్పటికీ తిట్టుకుంటున్నాను.

“సరే, మీ కాళ్ళ మీదే చూద్దాం. ఒక కాలికి మేజోడు, ఒక కాలికి మలాం. మూడు వారాలు. మలాం గెలిస్తే మేజోడు మాట మళ్ళీ ఎత్తను. మేజోడు గెలిస్తే రెండు కాళ్ళకీ వేసుకోవాలి” అంది. అంతలోనే, “ఇది ఒక్క మనిషి సంగతి, దీంతో లోకానికి ఏమీ రుజువు కాదు. మేజోడు కూడా సిరల్ని మాయం చేయదు, వాపు తగ్గిస్తుందంతే” అని కూడా చెప్పింది. గెలవకముందే ఇన్ని షరతులు పెట్టుకునే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

బొమ్మా బొరుసూ వేస్తే మేజోడు ఎడమకాలికి పడింది, మలాం కుడికాలికి. ఏ కాలికి ఏది అన్నది కొలిచేవాళ్ళకు తెలియకూడదట. అందుకని మా ఆవిడ వాళ్ళమ్మను, అంటే మా అత్తయ్యను పెట్టింది. రోజూ సాయంత్రం ఆరింటికి రెండు కాళ్ళూ సబ్బుతో కడుక్కుని, హాలు గుమ్మానికి కట్టిన దుప్పటి వెనక కూర్చుని, కింది నుంచి కాళ్ళు మాత్రం బయటికి చాపాలి. అత్తయ్య నా టేపుతోనే నా చీలమండలు కొలిచి పుస్తకంలో రాసుకునేది. ముప్ఫై ఏళ్ళుగా జనాన్ని కొలిచినవాణ్ణి, దుప్పటి చాటున కూర్చుని కొలిపించుకున్నాను.

మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజు మధ్యాహ్నం బల్ల ముందు నిలబడి ఉంటే ఒక భయంకరమైన విషయం తెలిసింది. ఎడమకాలు తేలిగ్గా ఉంది. కుడికాలు తడిసిన గోనెసంచిలా బరువుగా ఉంది.

ఓడిపోతున్నాను. అప్పుడే నా బుర్రలో ఆ పాడు ఆలోచన పుట్టింది.

అప్పటినుంచి ఇంట్లో మా ఆవిడ ఎదురుగా కుడికాలికి మలాం, ఎడమకాలికి మేజోడు. దుకాణానికి వెళ్ళగానే కొలతల గదిలో దూరి, ఎడమకాలి మేజోడు ఊడబీకి కుడికాలికి ఎక్కించేవాణ్ణి. సాయంత్రం మళ్ళీ ఎడమకాలికి మార్చుకుని ఇంటికి పోయేవాణ్ణి. రోజుకి మూడు కుస్తీలు. ఒకరోజు కోటు కొలతకు వచ్చిన బడిపంతులుగారు లోపలి మూలుగులు విని, “ఎవర్నైనా కొడుతున్నారా?” అని తెర పక్కకు లాగారు. నేను ఒంటికాలి మీద నిలబడి, “కొత్త రకం బట్ట, సాగుతుందో లేదో చూస్తున్నానండీ” అన్నాను. ఆయన కోటు సంగతి తర్వాత చూద్దామని వెళ్ళిపోయారు.

రెండో వారంలో ఒక సాయంత్రం అత్తయ్య కుడికాలు కొలుస్తూ ఆగిపోయింది. ఆ గోధుమరంగు మచ్చ మీద వేలు పెట్టింది.

“అల్లుడుగారూ, ఆయనకి కూడా ఇక్కడే మొదలైందండీ.”

మా మామగారు మంగలి పని చేసేవారు. ఆయనదీ నిలబడే బతుకే. చీలమండ దగ్గర పడిన పుండు పద్నాలుగు నెలలు మానలేదు. చెప్పినవాళ్ళు చెప్పిన మలాములన్నీ రాశారట. రోజూ కట్టు మార్చింది నా కాలు కొలుస్తున్న ఈ చేతులే. దుప్పటి చాటున నాకు సిగ్గేసింది, నిజం చెబుతున్నాను. కానీ మర్నాడు కుడికాలికి మేజోడు ఎక్కించడం మాత్రం మానలేదు. పౌరుషం అంత చెడ్డది.

మూడు వారాలూ అయ్యాయి. ఆ ఆదివారం పొద్దున గ్యారంటీగారిని కూడా పిలిచాను. గెలుపు చూడటానికి సాక్షి ఉండాలిగా. మా ఆవిడ పుస్తకం తెరిచి చదివింది.

“మొదటి మూడు రోజులు కుడికాలే ఎక్కువ వాచింది. నాలుగో రోజు నుంచి తగ్గింది. చివరి వారంలో ఎడమకాలి కన్నా కుడికాలు దాదాపు రెండు సెంటీమీటర్లు తక్కువ. కుడికాలు గెలిచింది.”

“మలాం కాలు” అని గుర్తుచేశాను. గ్యారంటీగారు మీసం సవరించుకున్నాడు.

మా ఆవిడ లోపలికి వెళ్ళి ఒక మూత బిగించిన డబ్బా తెచ్చి ఆయన చేతికిచ్చింది. “అన్నయ్యగారూ, ఇందులో వాసన ఏమిటో కొంచెం చూసి చెప్పండి.”

ఆయన మూత తీసి, కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చాడు. “నా మలామే. వీధి చివర నుంచైనా గుర్తుపడతాను. గ్యారంటీ.”

“లోపలున్నది బయటికి తీయండి.”

తీశాడు. నా మేజోడు.

“ఇది మలాం రాయని ఎడమకాలి మేజోడు” అంది మా ఆవిడ. “రోజూ ఉతికేది నేనే. నాలుగో రోజు నుంచి కంపు కొడుతోంది.”

కాళ్ళు కడుక్కోవాలని గుర్తున్నవాడికి మేజోడు సంగతి గుర్తు రాలేదు. అత్తయ్య కళ్ళజోడు తీసి నా వైపు చూసింది. గ్యారంటీగారు గోడమీది గడియారం వైపు చూశాడు.

“నాలుగో రోజే తెలిస్తే అప్పుడే ఎందుకు అడగలేదు?” అన్నాను నీరసంగా.

“అడిగితే మేజోడు మానేసేవాళ్ళు. ఏ కాలికైతే ఏం, డాక్టరమ్మ భయపడిన కాలికే వేసుకుంటున్నారు కదా అని ఊరుకున్నాను.” “మలాన్ని గెలిపించాలని మీకు అంత పట్టుదల. గెలిపించడానికి మాత్రం మేజోడే కావాల్సి వచ్చింది.”

గ్యారంటీగారి చేతిలోంచి మేజోడు తీసుకుని డబ్బాలో పెట్టి మూత బిగించాను.

అప్పుడు అడిగాను. “నా పరీక్షకి ఏ ముద్ర వేశావు?”

“అతి బలహీనం. పాల్గొన్నవాడు మోసం చేశాడు.”

“మరి పాల్గొన్నవాడికి?”

“వాడికి ముద్ర లేదు. వాడు నాకు కావాలి.” ముందే తెచ్చి దాచిన రెండో మేజోడు తీసి నా ఒళ్ళో పడేసింది. “రేపు మంచం దిగకముందే రెండూ వేసుకోండి.”

సోమవారం రెండు కాళ్ళకీ వేసుకునే వెళ్ళి దుకాణం తెరిచాను. పదింటికి గ్యారంటీగారు వచ్చి, అటూ ఇటూ చూసి, కొలతల గదిలో దూరి తెర లాగేసుకున్నాడు. ప్యాంటు కొలతకేమో అనుకుని టేపు పట్టుకుని వెళ్ళాను. ఆయన కుర్చీలో కూర్చుని, ప్యాంటు మోకాలి దాకా మడిచి ఉన్నాడు. ఆయన సిరలు నావాటికన్నా లావుగా ఉన్నాయి.

“ఎన్నేళ్ళుగా?” అన్నాను.

“ఆరేళ్ళు” అన్నాడు తల వంచుకుని. “మలాం రోజూ రాస్తూనే ఉన్నాను.”

ముందు డాక్టరమ్మకు చూపించమని చెప్పి, ఆయన చీలమండ కొలిచి రాసుకున్నాను. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. అందుకే ఆయన పేరు మీకు చెప్పడం లేదు.